జల్లించి పారేసిన పూత

మాత్ర మీద పూత ఎందుకుంటుందో నాకు ఐదు మార్కుల మేరకు తెలుసు. డిప్లొమా రెండో ఏడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. చేదు తెలియకుండా వేసే పూత, కడుపులోని పులుపుకు కరగకుండా పేగుల దాకా మందును కాపాడే పూత, రోజంతా మందును కొంచెం కొంచెంగా వదిలే పూత అని మూడు రకాలూ రాసి, కింద గీత గీసి, తర్వాతి ప్రశ్నకు పోయాను. మార్కులు వచ్చాయి. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ పేజీతో నాకు పని పడలేదు. పని పడిన రోజు అది గుర్తుకు రాలేదు.

ఇప్పుడు మందుల కిటికీల వెనక నిలబడుతున్న పిల్లలు మీరు. సర్వీసులో గుర్తుండిపోయిన సంగతి ఏదైనా రాయండి మేడం అని మీలో కొందరు అడిగారు. రిటైరైన రోజు శాలువా కప్పుకుని చెప్పుకునే సంగతులు నాకూ కొన్ని ఉన్నాయి. అవి చెప్పడానికి వేరేవాళ్ళు ఉన్నారు. ఇది మాత్రం నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు. ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఆ ఊరి పేరు కూడా ఉండదు.

మాది చొప్పదండి దగ్గరి ఊరు. మరమగ్గాల మీద బతికిన ఇల్లు. మేం వాటిని సాంచెలంటాం. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. చెల్లెళ్ళిద్దరివి అయ్యాక చూద్దామనుకున్నారు, అప్పటికి చూసేవాళ్ళు లేకుండా పోయారు. హుజూరాబాద్‌లో పనిచేస్తుండగా బదిలీల కాలం వచ్చింది. కొండల్లోకి ఎవరు పోతారన్న మాట లేవగానే గదిలో అందరూ నా వైపు చూశారు. "మీకేం మేడం, ఒంటి మనిషి" అన్నారు. ఒంటిగా ఉండటం కూడా ఒక అర్హతని ఆ రోజు తెలిసింది.

జైనూర్ దాటి ఇంకా లోపలికి పోవాలి. బస్సు రోజుకు రెండుసార్లు. వాగు పొంగితే అదీ లేదు. ఆరోగ్య కేంద్రం వెనక నాకిచ్చిన క్వార్టరు ఒక గది, ఒక వరండా. చుట్టూ ఊళ్ళలో గోండీ మాట్లాడతారు, మరాఠీ మాట్లాడతారు. నాకు రెండూ రావు. కిటికీలోంచి మాత్రలు చేతిలో పెట్టి, వేళ్ళతో ఒకటి, రెండు అని చూపించి, పొద్దు పొడిచే దిక్కు, పొద్దు గూకే దిక్కు చూపించేదాన్ని. సాయంత్రం తాళం వేసుకుని క్వార్టరుకు వస్తే మళ్ళీ పొద్దున దాకా పలకరించే మనిషి ఉండడు. ఒక సోమవారం పొద్దున పాలాయన తలుపు కొడితే "ఎవరు" అందామని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. శనివారం సాయంత్రం నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడ నాకు దొరికిన మనిషి మా అటెండరు. యాభై ఐదేళ్ళుంటాయి. ఊరంతా ఆయన్ని దాదా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను చెల్లె అన్నాడు. మూడు భాషలూ కలిపి మాట్లాడేవాడు. వరసలో నిలబడ్డ ప్రతి మనిషితో ఏదో ఒక ముచ్చట పెట్టేవాడు. నేను చెప్పిన ఒక్క ముక్కను ఆయన పది ముక్కలు చేసి, మధ్యలో వాళ్ళ ఎద్దు సంగతి, కోడలి సంగతి అడిగి, చివరికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేవాడు. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. తర్వాత గమనించాను, ఆయన అలా చెప్పినవాళ్ళు మందులు సరిగ్గా వాడేవాళ్ళు. నేను వేళ్ళు చూపించి పంపినవాళ్ళలో సగం మంది మళ్ళీ అదే జ్వరంతో వచ్చేవాళ్ళు.

మధ్యాహ్నం పూట ఆయన భార్య జొన్న రొట్టెలు, పండుమిరప తొక్కు పంపేది. నాకు కూడా రెండు రొట్టెలు ఉండేవి. తింటున్నంతసేపు దాదా మాట్లాడుతూనే ఉండేవాడు. తన చిన్నప్పటి అడవి, పాత డాక్టర్లు, బస్సు లేని రోజులు. రోజు మొత్తంలో నా చెవిన పడే మాటల్లో ముప్పావు వంతు ఆయనవే. ఆయన రెండు రోజులు సెలవు పెడితే నాకు ఊరు మూసేసినట్టు ఉండేది.

మూడో ఏడు ఎండాకాలం పోతూ పోతూ ఆయనకు పక్షవాతం తెచ్చింది, అక్కడివాళ్ళు లక్వ అంటారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో ఇరవై రోజులు ఉంచారు. తిరిగి వచ్చేటప్పటికి మాట మాత్రం ఉంది. కొంచెం నత్తిగా వస్తుంది, అంతే. కానీ మింగడం కష్టమైంది. అన్నం మెత్తగా పిసికి పెడితే పోతుంది, మాత్రలు పోవు. ఒకరోజు వదినె, అంటే దాదా భార్య, మందుల సంచి తెచ్చి నా కిటికీ మీద పెట్టింది.

"గోలీ ఏస్తే గొంతుల్నే ఆగుతుంది చెల్లె. నీళ్ళు తాపితే పొలమారుతుండు. నిన్న ఊపిరాడక మొకం నల్లగైంది. నాకు భయమైతుంది."

పరేషాన్ కావద్దని చెప్పాను. నేనే నూరి పొట్లాలు కట్టి ఇస్తాను, తేనెలో కలిపి నాకించమన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ప్రతి శనివారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక మందుల గది తలుపు దగ్గరికి వేసుకుని కూర్చునేదాన్ని. కల్వంలో ఒక్కో మాత్రా వేసి, మెత్తగా నూరి, ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్లటి పల్చని గుడ్డలో జల్లించి, చిన్న కాగితాల్లో పోసి మడిచేదాన్ని. పొద్దుటి పొట్లాల మీద ఎర్ర గీత, రాత్రి పొట్లాల మీద నల్ల గీత. పద్నాలుగు పొట్లాలు డబ్బాలో సర్ది వాళ్ళింటికి తీసుకుపోయేదాన్ని. దాదా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని నా కోసం చూస్తుండేవాడు. ఆ వారం రోజుల ముచ్చట్లు అప్పజెప్పేవాడు. ఆయన దగ్గరికి ఊరంతా వచ్చిపోయేది కాబట్టి ముచ్చట్లకు కొదవ లేదు. నేను గంటసేపు కూర్చుని టీ తాగి వచ్చేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ పొట్లాలు ఆయన కోసం ఎంత కట్టానో నా కోసం కూడా అంతే కట్టాను. వారంలో ఒక గంట నాకు ఒక ఇల్లు ఉండేది. వదినె నా ఎదురుగానే పొరుగామెతో, సొంత ఆడిబిడ్డ కూడా ఇంత చెయ్యదని చెప్పింది. ఆ మాట వారమంతా నా దగ్గర పెట్టుకున్నాను.

రెండు నెలల తర్వాత కరీంనగర్‌కు మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళారు. బీపీ ఇంకా ఎక్కువగానే ఉందని, రోజుకు రెండు పూటలు వేసే పాత మాత్ర తీసేసి, పొద్దున ఒక్కటే వేసుకునే కొత్త మాత్ర రాశారు. మందులు బాగానే వేసుకుంటున్నాడా అని అక్కడి డాక్టరు అడిగాడట, వేసుకుంటున్నాడని వదినె చెప్పిందట. ఎలా వేసుకుంటున్నాడని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరిదీ తప్పు కాదు. అడగాల్సిన మనిషిని నేను.

కొత్త మాత్రల షీటు నా చేతికి వచ్చింది. మందు పేరు నాకు తెలిసినదే. పేరు వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. కంపెనీవాళ్ళు తమ గుర్తు ఏదో పెట్టుకున్నారనుకున్నాను. అలాంటి మాత్ర మా కేంద్రానికి ఎప్పుడూ సరఫరా కాలేదు. కాలేదు కాబట్టే ఆగి చదవాలి. నేను చదవలేదు.

ఆ మాత్ర కల్వంలో మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు రెండు ముక్కలై, పైపొర తోలులా సాగింది. ఎంత నూరినా పొడిలో ఎర్రటి పల్చని తునకలు మిగిలాయి, ఉల్లిపొట్టులాగా. ఇవి దాదా గొంతులో అడ్డం పడతాయి కదా అనుకున్నాను. గుడ్డలో వేసి రెండుసార్లు జల్లించాను. మెత్తని పొడి కిందికి దిగింది, పొట్టు పైన మిగిలింది. గుడ్డ దులిపి ఆ పొట్టును చెత్తబుట్టలో వేశాను. ఆ రోజు పొట్లాలు ఎప్పటికంటే శుభ్రంగా వచ్చాయని కూడా అనుకున్నాను.

పిల్లలూ, రోజంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి పోవాల్సిన మందును పట్టి ఉంచేది ఆ పొట్టే.

ఆదివారం నుంచి కొత్త పొట్లాలు మొదలయ్యాయి. సోమవారం మధ్యాహ్నం వదినె కిటికీ దగ్గరికి వచ్చింది. నా ముందు జ్వరాల వరస ఉంది. పొద్దున పొడి నాకించిన గంటకు ఆయనకు కళ్ళు తిరుగుతున్నాయని, చెమటలు పడుతున్నాయని, మధ్యాహ్నానికి తగ్గుతున్నదని చెప్పింది. రెండు రోజులూ అంతే అయిందంది. కొత్త మందు కదా, ఒంటికి అలవాటు కావాలి, ఇంకో రెండు రోజులు చూడమన్నాను. రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే అన్నాను. ఆమె సరేనని వెళ్ళిపోయింది.

మంగళవారం అంగడి. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా దిగే రోజు. పది గంటలప్పుడు బయట కేకలు వినిపించి చూస్తే నలుగురు మనుషులు మంచాన్ని అలాగే మోసుకొస్తున్నారు. వదినె పక్కన పరుగెత్తుతూ ఉంది. దాదా ముఖం బూడిద రంగులో ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మా డాక్టరు చిన్నవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. బీపీ పట్టీ రెండుసార్లు కట్టి చూశాడు. అంకె దొరకలేదు. మూడోసారి దొరికినట్టుంది, పెదవి కొరుక్కున్నాడు. కాళ్ళ కింద దిండ్లు పెట్టించి సెలైన్ ఎక్కించమని సిస్టరుకు చెప్పి, పొద్దున ఏం వేసుకున్నాడని అడిగాడు. వదినె కొంగులోంచి ఎర్ర గీత ఉన్న కాగితం తీసి చూపించింది. డాక్టరు నా వైపు చూశాడు. నేను లోపలికి పోయి షీటు తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురు వైపు తిప్పి చదివాడు.

"ఇది నూరిచ్చిన్రా మేడం?"

ఆ రెండు అక్షరాలూ దేనికో అప్పుడు నాకు తట్టింది. పరీక్ష గదిలో గీత గీసిన మూడో రకం గుర్తొచ్చింది.

"నూరిచ్చిన. మూడు దినాల సంది."

ఆయన షీటు నా చేతికి తిరిగి ఇచ్చాడు. దినమంతా పోవలసిన మందు గంటలో పోయిందని గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పాడు. బీపీ కొంచెం పైకి వచ్చాక జీపులో ఆదిలాబాద్ పెద్దాస్పత్రికి పంపించాడు. వదినె, సిస్టరు వెంట పోయారు. నేను పోతానంటే, అంగడి రోజు మందులు ఎవరు ఇస్తారన్నాడు.

జీపు మలుపు తిరిగాక వచ్చి కిటికీ తెరిచాను. వరస అలాగే ఉంది. మాట్లాడి చెప్పే దాదా లేడు. ఒక ముసలామె గోండీలో నన్ను ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగి, నా ముఖం చూసి, చెయ్యి చాచకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమెకు ఏ మందు కావాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం డాక్టరు నా గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. దాదాకు రెండో లక్వ వచ్చిందని ఆదిలాబాద్ నుంచి ఫోను వచ్చిందన్నాడు. మంచి పిల్లవాడు. నన్ను కాపాడాలనే వచ్చాడు.

"ఒకసారి లక్వ వచ్చినోనికి రెండోసారి వస్తది మేడం. అందరు గట్లనే అనుకుంటరు. మీరు కావాలని చేసిన్రా? ఇగ గీ ముచ్చట ఇక్కడ్నే ఇడిశిపెడుదాం."

నేను తల ఊపాను. ఆ తల ఊపడానికి నాకు పెద్దగా కష్టం కలగలేదని కూడా మీకు చెప్పాలి. భయం ముందు వస్తుంది, సిగ్గు తీరిగ్గా వస్తుంది.

దాదా బతికాడు. మూడు వారాలకు ఇంటికి తెచ్చారు. బీపీ ఒక్కసారిగా పడిపోయినప్పుడు మెదడులో ఇంకో భాగం దెబ్బతిన్నదని కాగితాల్లో రాసి ఉంది. మాట పోయింది. నత్తి కాదు, పూర్తిగా పోయింది. గొంతులోంచి ఒకే ఒక్క శబ్దం వచ్చేది. ఆకలైనా అదే, నొప్పి అయినా అదే. ఆ మనిషికి మాట తప్ప ఇంకేం ఆస్తి లేదు. ఊరి జనం మొదట్లో వచ్చి కూర్చునేవాళ్ళు. జవాబు రాని ఇంటికి ఎన్ని రోజులు వస్తారు, మెల్లగా తగ్గిపోయారు.

నేను మాత్రం శనివారాలు వెళ్తూనే ఉన్నాను. పొట్లాలు లేవు, ఇప్పుడు ఆయన మందులు ఆదిలాబాద్‌లో పొడులుగా, సీసాల్లో ఇచ్చారు. ఊరికే వెళ్ళి కూర్చునేదాన్ని. వదినె అదే టీ ఇచ్చేది. "నువ్వు గంత చేసినవ్ గని, మా రాత గిట్లుండె" అనేది. నేను ఎంత చేశానో వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అంగడిలో ఎవరెవరో ఆడవాళ్ళు నాకు దండం పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో నాకు అప్పటిదాకా దొరకని ఆదరణ అంతా ఆ నెలలోనే దొరికింది.

క్వార్టరులో ఒక్కదాన్నే కూర్చుని మనసులో లెక్కలు వేసేదాన్ని. చెప్తే ఆయన మాట తిరిగి వస్తుందా? రాదు. వదినెకు ఉన్న ఒక్క ధీమా పోతుంది. చెప్పకపోవడమే మంచిదని నాకు నేనే తీర్పు ఇచ్చుకునేదాన్ని. పొద్దున లేచేసరికి ఆ తీర్పు చెల్లేది కాదు. మాట్లాడటానికి మనిషి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఉన్న ఒక్క మనిషి మాటనూ నేనే పోగొట్టాను.

ఐదో శనివారం, టీ గ్లాసు చేతిలోకి తీసుకోకుండా, ఆమెను కూర్చోమన్నాను. దాదా మెలకువతోనే ఉన్నాడు. ఆయన వినేటట్టే చెప్పాను. కొత్త మాత్ర నూరకూడనిదని, దాని పైపూత మందును మెల్లగా వదలడానికి ఉంటుందని, నేను దాన్ని నూరి, పూతను పొట్టనుకుని జల్లించి పారేశానని, దినమంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి పోయి అట్లా అయిందని. రెండో లక్వ దానంతట అది వచ్చింది కాదని.

వదినె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నీకు తెల్వదా గది నూరొద్దని?"

"చదువుకున్న వదినె. యాదికి రాలే."

"నేనొచ్చి చెప్పిన గద. కండ్లు తిరుగుతున్నయని, చెమటలు వడుతున్నయని చెప్పిన."

ఆ సంగతి నేను చెప్పలేదు. అంతా చెప్పాననుకున్నాను, అది మాత్రం వదిలేశాను. మాత్ర సంగతి మరపు అనవచ్చు. ఆమె వచ్చి చెప్పినప్పుడు తల ఎత్తకపోవడానికి ఆ పేరు కూడా లేదు.

"చెప్పినవ్" అన్నాను. "నేను ఇనలే."

దాదా నా వైపే చూస్తున్నాడు. ఆయనకు అర్థమైంది. గొంతులోంచి ఆ శబ్దం వచ్చింది. కోపమో, ఓదార్పో, నీళ్ళు కావాలనో ఎవరికి తెలుస్తుంది? వదినె లేచి ఆయన నోరు తుడిచింది. అటు తిరిగే, "ఇయ్యాల పో చెల్లె" అంది. నన్ను చెల్లె అని పిలవడం అదే ఆఖరు.

ఆ వచ్చిన సోమవారం, జరిగిందంతా జరిగినట్టు కాగితం మీద రాసి పై ఆఫీసుకు పంపాను. డాక్టరు వద్దన్నాడు, తర్వాత ఆయనే సంతకం పెట్టి పంపాడు. నెల తర్వాత జవాబు వచ్చింది. వివరణ నిర్ణీత నమూనాలో లేదట, మూడు ప్రతుల్లో మళ్ళీ పంపమన్నారు. పంపాను. ఇంకో కాగితం వచ్చింది, ఇకముందు జాగ్రత్తగా ఉండవలసిందని. అంతే. శిక్ష వేస్తారని రెండు నెలలు ఎదురుచూసినదాన్ని, ఆ కాగితం పట్టుకుని ఏం చేయాలో తెలియక క్వార్టరు మెట్ల మీద కూర్చున్నాను.

వదినె రావడం మానేసింది. మందులు సిస్టరు తీసుకుపోయి ఇచ్చేది. దండాలు కూడా ఆగిపోయాయి, ఊరికి తెలిసిందన్నమాట. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీలోకి చెయ్యి మాత్రం వచ్చేది, మందు తీసుకునేది, పోయేది. నేను గోండీ నేర్చుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. ఆ మూడేళ్ళూ దాదా ఉన్నాడు కదా అని నేర్చుకోలేదు.

రెండు నెలలకు కావచ్చు, ఒక మధ్యాహ్నం వదినె వచ్చి కిటికీ ముందు నిలబడింది. ఆదిలాబాద్‌లో మందులు మార్చారు. సంచిలోంచి షీట్లు తీసి ఒక్కొక్కటే వరసగా పెట్టింది.

"ఇండ్ల ఏది నూరొచ్చు, ఏది నూరొద్దు? చెప్పున్రి మేడం."

అక్కడి డాక్టరు చెప్పలేదా అని అడిగాను.

"చెప్పిండు. మీరు గూడ చెప్పున్రి. ఇప్పుడు మీకు ఎరుకైంది గద."

ఆమె ముఖంలో క్షమించినట్టు ఏమీ లేదు. ఎగతాళి కూడా లేదు. ఆయన్ని బతికించుకోవాలి, అది తెలిసిన మనిషి ఎక్కడున్నా అక్కడికి రావాలి, అంతే. ఒక్కో షీటు మీది అక్షరం అక్షరం చదివాను. తెలియని రెండింటికి పుస్తకం తీశాను. నూరకూడనివి పక్కన పెట్టి, ఎందుకో చెప్పి, వాటి బదులు పొడిగానో సీసాలోనో దొరికేవి డాక్టరు చేత రాయించాను. ఆమె చదువుకోలేదు. రంగు, ఆకారం చూసి గుర్తుపెట్టుకుంది. నేను చెప్పింది తిరిగి నాకే అప్పజెప్పి, తప్పు లేదని నేనన్నాకే సంచి కట్టింది.

ఆ తర్వాత ప్రతి నెలా వచ్చింది. ఎప్పుడూ కూర్చోలేదు. రెండేళ్ళకు నాకు కరీంనగర్ బదిలీ అయింది. వెళ్ళే ముందు రోజు వాళ్ళింటికి పోయాను. దాదా నిద్రపోతున్నాడు. లేపవద్దన్నాను. కాసేపు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేశాను.

ఆయన ఇంకో రెండేళ్ళు బతికాడు. పోయిన పది రోజులకు సిస్టరు ఫోను చేస్తే తెలిసింది. మరునాడు మొదటి బస్సుకు బయల్దేరి మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో దిగాను. మంచం బయట ఎండలో నిలబెట్టి ఉంది. వదినె నన్ను చూసి లోపలికి రమ్మంది, చాప వేసింది. కాసేపటికి అటక మీది నుంచి మందుల సంచి దించి మా మధ్య పెట్టింది. మిగిలిపోయాయి, ఎవరికన్నా పనికొస్తాయేమో చూడమంది.

ఇద్దరం నేల మీద కూర్చుని షీట్లు వేరు చేశాం. గడువు దాటినవి ఒక పక్క, దాటనివి ఒక పక్క. ఒక్కోటి నా చేతికిస్తూ ఆమె అలవాటుగా గొణిగేది. ఇది నూరొచ్చు. ఇది నూరొద్దు. ఊళ్ళో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళకు లక్వ వచ్చిందట, వాళ్ళ మందులు కూడా తనే చూసి చెప్తున్నదట. నాలుగేళ్ళలో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదంది. నేను నమ్మాను.

సంచి సగమయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు చెప్పకుంటె నాకు ఎన్నడు తెల్వకపోవు. ఎందుకు చెప్పినవ్?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని నాలుగేళ్ళుగా జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. నిజం తెలుసుకునే హక్కు, ఇంకొకరికి ఇలా జరగకూడదని, అలాంటివి. ఆ చాప మీద అవేవీ నోటికి రాలేదు.

"ఒక్కదాన్నే మొయ్యలేకపోయిన వదినె."

ఆమె చేతిలోని షీటును రెండు వైపులా తిప్పి చూసింది.

"అయితే నాకిచ్చినవ్" అంది.

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. షీటు నా చేతిలో పెట్టి, సంచిలోంచి ఇంకోటి తీసింది. నేను దాని మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాను.